వీధి గుమ్మానికి ఏ మెష్ తలుపు మేలు: స్ప్రింగుదా, ప్లీటెడా?

ఎండలు మొదలయ్యేసరికి ఇటు కోనసీమ నుంచీ అటు పాలకొల్లు, భీమవరం వైపు నుంచీ అందరూ అడుగుతున్నది ఒకటే. కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లదీ, పాత డాబాకి మరమ్మతులు చేయిస్తున్నవాళ్లదీ అదే ప్రశ్న. "రెక్కలా తెరుచుకునే మెష్ తలుపు పెట్టించమంటారా, పక్కకి మడతపడే ప్లీటెడ్ పెట్టించమంటారా?" అసలు మెష్ కావాలా అని మాత్రం ఎవరూ అడగరు. ఇంటికో బోదకాలు మనిషిని చూస్తూ పెరిగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్న ప్రాంతం మనది. ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ధర, అందం, మన్నిక అన్నీ చూడాల్సినవే. కానీ నా దృష్టిలో తేల్చేది సాయంత్రం దీపాలు పెట్టే వేళ. ఆ వేళకి వీధి తలుపు మూసి ఉంచకూడదని మన ఇళ్లలో గట్టి పట్టింపు. పగలంతా కొట్టిన పడమటి వేడిగాలి తగ్గి, సముద్రం వైపు నుంచి పైరగాలి తిరిగేది కూడా ఇంచుమించు అప్పుడే. మురుగు కాలవల్లో పుట్టిన క్యూలెక్స్ దోమ ఇళ్లలోకి దూరేదీ అప్పుడే. బోదకాలు (ఫైలేరియా) క్రిమిని మోసేది ఆ దోమే. అది రాత్రిపూట కుడుతుంది, ఆ క్రిమి పిల్లలు కూడా మనిషి చర్మం దగ్గరి రక్తంలోకి ఎక్కువగా వచ్చేది రాత్రిపూటే. ఫైలేరియా సిబ్బంది రాత్రి పొద్దుపోయాక ఇంటింటికీ తిరిగి రక్తం తీసుకునేది అందుకే.

కాబట్టి మన మెష్ తలుపుకి అసలు పరీక్ష ఆ గంటా గంటన్నరలోనే. గాలి రావాలి, గుమ్మం తెరిచినట్టే ఉండాలి, దోమ మాత్రం రాకూడదు. పైగా ఇంట్లో రాకపోకలు ఎక్కువగా ఉండేది కూడా అప్పుడే. ట్యూషన్ నుంచి పిల్లలు వస్తారు. పెరట్లో ఆరేసిన బట్టలు రెండు చేతులా పట్టుకుని ఎవరో లోపలికి వస్తారు. పక్కింటి పిన్నిగారు కరివేపాకు కోసం వచ్చి గుమ్మంలోనే నిలబడి మాట్లాడతారు. ఇంతమంది చేతుల్లో పడ్డా ప్రతిసారీ తనంతట తాను మూసుకునే తలుపు ఏదో అదే మేలు. ప్లీటెడ్‌తో నాకున్న పేచీ ఇదే. దాన్ని తీసిన చేత్తోనే మళ్లీ లాగి మూయాలి. చేతిలో బిందె ఉన్న మనిషి ఎక్కడ మూస్తుంది? చంటిపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇంట్లో అది సాయంత్రమంతా జానెడు తెరిచే ఉంటుంది. ఆ సందు చాలు దోమకి.

స్ప్రింగు బందులు వేసిన రెక్క తలుపుకి ఆ బెంగ లేదు. ఒక వేలితో లాగి, భుజం అడ్డం పెట్టి లోపలికి వస్తే వెనకాలే మూసుకుంటుంది. అయితే బిగించే తీరు ముఖ్యం. స్ప్రింగు బిగువు ఎక్కువైతే ధడేల్మని కొట్టుకుని పిల్లల వేళ్లు నలుగుతాయి, వెనక వచ్చే ముసలివాళ్ల మడమకి తగులుతుంది. తక్కువైతే చివర్లో నాలుగంగుళాల దూరంలో ఆగిపోతుంది. పనివాడు వెళ్లకముందే తలుపుని సగం తెరిచి వదిలేసి చూడండి. మెల్లగా వచ్చి, అంచున ఉన్న మాగ్నెట్‌కి టక్కున అతుక్కోవాలి. తర్వాత గుప్పెడు సందు మాత్రమే తెరిచి వదలండి, అప్పుడూ అతుక్కోవాలి. రెండోది కుదిరేదాకా బిగువు సరిచేయించాల్సిందే.

గడప సంగతి కూడా చూడాలి. మన వీధి గుమ్మాలకి రెండు మూడంగుళాల గడప ఉంటుంది. మెష్ రెక్క బయటికి తెరుచుకునేలా పెడితే, మూసినప్పుడు దాని కింది అంచు గడప ముఖానికి ఆనుకుంటుంది. దోమకే కాదు, వానాకాలం కప్పకీ జెర్రికీ కూడా దారి ఉండదు. ప్లీటెడ్‌కి కింద అల్యూమినియం ట్రాక్ కావాలి, అది గడప నెత్తిన కూర్చుంటుంది. శుక్రవారం గడప కడిగి పసుపు రాసి బొట్లు పెట్టే ఇంట్లో ఆ ట్రాక్ మధ్యలో అడ్డం. పసుపు నీళ్లు, బియ్యప్పిండి, ఇసుక అందులోకి చేరి కొన్నాళ్లకి తలుపు బరబరమంటూ నడుస్తుంది. రెక్క తలుపుతోనూ చిన్న ఇబ్బంది లేకపోలేదు. బయటికి తెరిచినప్పుడు పైన కట్టిన మామిడి తోరణం దాని అంచుకి రాసుకుని ఆకులు చిరిగిపోతాయి. తోరణం మేకుల్ని ద్వారబంధం మీద కాకుండా పైన గోడకి కొట్టిస్తే సరిపోతుంది. గడప లేకుండా గచ్చు సమానంగా ఉన్న కొత్త ఇళ్లలో రెక్క కింద బ్రష్ పట్టీ తప్పనిసరి.

ఇక మెష్ విషయం. షాపులో తలుపు ఫ్రేము గురించి పావుగంట మాట్లాడతారు, మెష్ గురించి "స్టీలేనండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. గాలి వచ్చేది మాత్రం మెష్‌లోంచే. అంగుళానికి ఎన్ని కన్నులు, తీగ లావెంత అని రెండూ అడగాలి. అంగుళానికి 16 కన్నులు, తీగ పావు మిల్లీమీటరు అనుకుందాం. కన్ను వెడల్పు 1.3 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది, దోమ దూరదు. మొత్తం మెష్‌లో నూటికి 71 వంతులు ఖాళీయే. అదే తీగతో 30 కన్నుల మెష్ వేస్తే ఖాళీ నూటికి 50 వంతులకి పడిపోతుంది. "ఇంకా సన్నం మెష్ సార్, చీమ కూడా రాదు" అని అమ్మేది ఇదే. దొంగల భయానికి 0.8 మిల్లీమీటర్ల లావు తీగతో 11 కన్నుల సెక్యూరిటీ మెష్ వేస్తే నూటికి 43 వంతులే మిగులుతాయి. గాలి సరిగ్గా ఆ లెక్కనే తగ్గుతుందని కాదు గానీ, పైరగాలి లాంటి మెత్తని గాలి దగ్గర ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. మన ఉక్కపోతలో చెమట ఆరాలంటే ఒంటి మీద గాలి ఆడాల్సిందే. దొంగల భయానికి బయట ఇనుప గ్రిల్ వేరే ఉంటుంది, ఆ పని మెష్‌కి అప్పజెప్పకండి.

ఇనుప జాలీకి జింకు పూత వేసిన రకం చవగ్గా వస్తుంది కానీ మన తేమకి తుప్పు తొందరగా పడుతుంది. ఫైబర్ మెష్‌కి తుప్పు రాదు, 18 బై 16 రకంలో (అంగుళానికి ఒకవైపు 18, ఇంకోవైపు 16 కన్నులు) గాలి కూడా బాగానే వస్తుంది. కాకపోతే పిల్లి గోకితే చిరుగుతుంది, ఎలక కొరుకుతుంది. తలుపుకి నేను స్టీలే అంటాను, అదీ 304 గ్రేడు (స్టెయిన్‌లెస్ స్టీలు రకాన్ని చెప్పే అంకె అది). అంతర్వేది, ఓడలరేవు, యానాం వైపు సముద్రపు గాలి నేరుగా తగిలే ఇళ్లకి 316 దొరికితే అదే వేయించండి, ఉప్పుకి అది ఎక్కువ ఓర్చుకుంటుంది. అయస్కాంతం పెట్టి "చూశారా, అతుక్కోలేదు, 304" అంటే మాత్రం నమ్మకండి. చవకరకం 202 కూడా అతుక్కోదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోవడమే మార్గం.

కడగడం దగ్గర కూడా రెక్క తలుపే సులువు. రైసుమిల్లుల ఊక బూడిదా, ఇటుక బట్టీల దుమ్మూ, కొబ్బరి పీచు నూగూ మెష్ కన్నుల్లో పేరుకుంటాయి. స్టీలు మెష్‌ని లోపలి నుంచి మెత్తని బ్రష్‌తో రుద్ది నీళ్లు కొడితే పోతాయి. ప్లీటెడ్ మడతల్లో చేరిన దుమ్ము అంత తేలిగ్గా రాదు, గట్టిగా రుద్దితే మడత నలిగి మళ్లీ సరిగ్గా ముడుచుకోదు.

ప్లీటెడ్‌కి చోటు లేదనడం లేదు. భీమవరం, అమలాపురం అపార్టుమెంట్లలో హాల్లోంచి బాల్కనీకి ఆరేడడుగుల వెడల్పు గుమ్మాలు పెడుతున్నారు. అంత వెడల్పుకి రెక్క వేస్తే తెరవడానికి బాల్కనీలో చోటుండదు. అక్కడ ప్లీటెడే సరైనది. రోజుకి రెండుసార్లు తీసే గుమ్మం కాబట్టి తనంతట తాను మూసుకోకపోయినా నష్టం లేదు.

మధ్యలో అయస్కాంతాలతో అతుక్కునే మాగ్నెట్ తెరలు అద్దె ఇంటికి ఓ ఏడాది గడుపుకోవడానికి పనికొస్తాయి, అంతకుమించి ఆశించొద్దు. స్లైడింగ్ మెష్ కిటికీలకి సరే.

మెష్ డబ్బులు కూలర్‌కి పెడదామనేవాళ్లకి ఒక మాట. కూలర్ నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. మన గాలిలో తేమ ముందే నిండుగా ఉంటుంది, ఇంక ఆవిరి ఎక్కడ అవుతుంది? పడమటి గాలి పొడిగా కొట్టే రోహిణి కార్తె మధ్యాహ్నాల్లో కూలరూ వట్టివేళ్ల తడికా పనిచేస్తాయి, తేమ గాలి తిరిగాక ఉక్క ఇంకా పెంచుతాయి. ఏసీ తేమని తీసేస్తుంది కాబట్టి మనకి అదే సరిపడుతుంది, కానీ ఒక్క గదికే. కరెంటు పోతే అదీ లేదు. 1996 నవంబరు తుఫాను తర్వాత కోనసీమలో స్తంభాలు కూలి ఊళ్లకి ఊళ్లు చీకట్లో ఉండిపోయిన సంగతి ఇక్కడివాళ్లకి గుర్తే. గుమ్మాల్లోంచి వచ్చే గాలే అప్పుడు దిక్కు.

మెష్ తలుపు ఉంది కదా అని పగలంతా తెరిచిపెట్టొద్దు. ఉదయం పది దాటాక బయటి గాలి ఇంట్లో గాలికన్నా వేడి. చెక్క తలుపులు, కిటికీలు మూసేసి, గాలి తిరిగాక తెరవండి. తెరిచేటప్పుడు వీధి గుమ్మం, పెరటి గుమ్మం రెండూ తెరవాలి. మన పాత ఇళ్లలో రెండు గుమ్మాలూ ఒకే వరసలో ఉండేవి, అది గాలి ఇటు వచ్చి అటు పోవడానికి పనికొచ్చేది. వీధివైపు వేలకి వేలు పోసి పెరటివైపు మామూలు తలుపు మూసి ఉంచితే లోపలికొచ్చిన గాలికి పోయే దారి ఉండదు.

అందుకని రెండు గుమ్మాలకీ ఒకేసారి చేయించండి. వీధివైపు టేకు ఫ్రేము కావాలనుకుని డబ్బు చాలకపోతే, ఫ్రేము అల్యూమినియానికి తగ్గించుకోండి, మెష్ గ్రేడు, స్ప్రింగు బందులు మాత్రం తగ్గించకండి. ఈ ఏడాది ఒక్కదానికే డబ్బుంటే ముందు పెరటి గుమ్మానికి. వంటింటి మురుగు అటే పోతుంది, దోమ ముందుగా లేచేది అక్కడే. పైగా రోజులో ఎక్కువసార్లు తెరిచేది కూడా ఆ తలుపునే.