కెమెరాల రికార్డింగ్‌కి వర్చువల్ మెషీనా, విడి కంప్యూటరా: నాలుగేళ్ళ వాడకం తర్వాత

తెనాలిలో మా అమ్మానాన్న ఇద్దరే ఉంటారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇంటి చుట్టూ ఆరు ఐపీ కెమెరాలు (నెట్‌వర్క్ ద్వారా వీడియో పంపేవి) పెట్టించి నాలుగేళ్ళు దాటింది. మొదటి రెండున్నరేళ్ళు వాటి రికార్డింగ్ వర్చువల్ మెషీన్‌లో (వీఎం, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన మరో కంప్యూటర్) నడిచింది, ఏడాదిన్నరగా విడిగా ఒక కంప్యూటర్‌లో నడుస్తోంది. రెండూ చూశాను కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: స్థోమత ఉంటే విడి కంప్యూటరే పెట్టుకోండి.

వీఎంతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఇంట్లో 32 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ ఖాళీగా పడి ఉంది. దానిమీద వీఎంలను నడిపే ప్రాక్స్‌మాక్స్ వేసి, ఒక వీఎంలో ఇంట్లోని స్మార్ట్ పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్, ఇంకోదాంట్లో ఫొటోల బ్యాకప్, మూడోదాంట్లో కెమెరాల రికార్డింగ్ చూసుకునే ఫ్రిగేట్ పెట్టాను. ఒకే పెట్టె, ఒకే కరెంటు ఖర్చు. పైగా ఏదైనా మార్చేముందు స్నాప్‌షాట్ (వీఎం అప్పటి స్థితికి నకలు) తీసి పెట్టుకుంటే, చెడిపోయినా నిమిషంలో పాత స్థితికి వచ్చేయొచ్చు. ఫ్రిగేట్ కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలుతో కుస్తీ పట్టిన తొలి నెలల్లో ఇది చాలా ఆదుకుంది. ఆ మేలు మరచిపోలేను.

ప్రాసెసర్ సరిపోదేమోనని భయపడ్డాను గానీ, ఆ ఇబ్బంది రాలేదు. కెమెరా నుంచి వచ్చే పూర్తి నాణ్యత వీడియోను (మెయిన్ స్ట్రీమ్‌ను) ఉన్నదున్నట్టు డిస్కులో రాయడానికి ప్రాసెసర్‌కి పెద్ద పనేమీ ఉండదు. వచ్చింది మనిషా, కుక్కా అని పోల్చుకోవడానికి అదే కెమెరా పంపే తక్కువ నాణ్యత వీడియో (సబ్‌స్ట్రీమ్), సెకనుకు 5 ఫ్రేములు చాలు. వీడియోను విప్పే పని ఇంటెల్ చిప్‌లోని గ్రాఫిక్స్ చూసుకుంటుంది. కాకపోతే ఆ గ్రాఫిక్స్‌ను వీఎంకి అప్పగించాలంటే బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) వీఎంకి పరికరాన్ని నేరుగా ఇవ్వనిచ్చే వీటీ-డీ ఆన్ చేయాలి, హోస్ట్ (వీఎంలను నడిపే అసలు కంప్యూటర్) ఆ గ్రాఫిక్స్‌ను ముట్టుకోకుండా చూడాలి. ఒకసారి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) అప్‌డేట్ చేశాక ఈ ఏర్పాటంతా చెదిరిపోయి, సరిచేసేసరికి ఆదివారం మొత్తం గడిచిపోయింది.

అసలు దెబ్బ డిస్కు దగ్గర తగిలింది. ఒక్కో కెమెరా 4 ఎంబీపీఎస్‌తో (సెకనుకు 4 మెగాబిట్లు) రికార్డు చేస్తే రోజుకు 43 జీబీ. ఆరింటికీ దాదాపు 260 జీబీ. రోజూ అంత రాయాలి, పాతది కూడా అంతే చెరపాలి. మా వర్చువల్ డిస్కు థిన్ ప్రొవిజనింగ్ పద్ధతిలో ఉండేది, అంటే వాడినకొద్దీ చోటు తీసుకుంటుంది. ఆ ధైర్యంతో వీఎంలన్నిటికీ కలిపి ఉన్నదానికన్నా ఎక్కువ చోటు కేటాయించాను. అయితే డిస్కార్డ్ అనే ఆప్షన్ పెట్టకపోతే, వీఎం లోపల ఫైళ్ళు చెరిపినా ఆ చోటు ఖాళీ అయినట్టు హోస్ట్‌కి తెలియదు. నేను ఆ టిక్కు పెట్టలేదు. లోపల చూస్తే బోలెడంత ఖాళీ, బయట వీఎంలన్నీ పంచుకునే డిస్కు చోటు (పూల్) నిండిపోయింది. అది నిండగానే వీఎంలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

పొద్దున్నే నాన్న ఫోన్ చేసి, "రాత్రి ఎవరో వెనక గోడ దూకిన చప్పుడయిందిరా, ఒకసారి చూడు" అన్నారు. చూడ్డానికి ఏమీ లేదు. రాత్రి ఒంటిగంటకే రికార్డింగ్ ఆగింది. ఇంట్లో ఏమీ పోలేదు గానీ, అమ్మకి వారం రోజులు సరిగా నిద్రపట్టలేదు. ఆ టెన్షన్ ఉండకూడదనే కదా కెమెరాలు పెట్టించింది! ఫొటోల బ్యాకప్ ఒకరోజు ఆగితే మర్నాడు చేసుకోవచ్చు. జరిగిపోయిన రాత్రిని మళ్ళీ రికార్డు చేయలేం.

ఆ నెలలోనే ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ చిన్న డెస్క్‌టాప్ ఒకటి కొన్నాను. ఎనిమిదో తరం ఐ5, సిస్టమ్‌కి చిన్న ఎస్ఎస్‌డీ, రికార్డింగ్‌కి కెమెరా రికార్డింగ్ కోసమే తయారుచేసే 4 టీబీ డబ్ల్యూడీ పర్పుల్ డిస్కు. డెబియన్ లినక్స్, ఫ్రిగేట్‌ను నడపడానికి డాకర్, ఫ్రిగేట్ తప్ప దాంట్లో ఇంకేమీ లేవు. పన్నెండు రోజుల రికార్డింగ్ నిలవ ఉంటుంది. బయోస్‌లో కరెంటు రాగానే ఆన్ అయ్యేలా పెట్టాను. ఈ ఏడాదిన్నరలో నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా డిస్కు ఆరోగ్యం చూసి, దుమ్ము తుడవడం తప్ప దాన్ని కదపలేదు.

ఖర్చు పెరిగిన మాట నిజం. మీటరు పెట్టి చూస్తే 24 వాట్లు లాగుతోంది, నెలకు 17 యూనిట్లు. పాత డెస్క్‌టాప్ కూడా నడుస్తూనే ఉంది కాబట్టి ఇది అదనం. కానీ కరెంటు పోయినప్పుడు పెద్ద పెట్టెను వదిలేసి ఈ చిన్నదాన్నీ, కెమెరాలకి నెట్‌వర్క్ తీగలోనే కరెంటు ఇచ్చే పీఓఈ స్విచ్‌నీ, రౌటర్‌నీ మాత్రమే ఇన్వర్టర్ మీద నడిపిస్తున్నాను. గాలివానకి రాత్రంతా కరెంటు లేని రోజు కూడా రికార్డింగ్ తెగలేదు. స్నాప్‌షాట్లు లేని లోటు పెద్దగా తెలియలేదు. కాన్ఫిగ్ ఫైలూ, డాకర్ సెట్టింగులుండే కంపోజ్ ఫైలూ వేరేచోట దాచుకుంటే కొత్త డిస్కు మీద గంటలో మళ్ళీ నిలబెట్టొచ్చు.

ఒకే కంప్యూటర్‌తో సర్దుకోవాల్సినవాళ్ళు రికార్డింగ్‌కి విడి డిస్కు కొని నేరుగా ఆ వీఎంకే ఇవ్వండి, దాన్ని వీఎం బ్యాకప్‌లోంచి తప్పించండి. కంప్యూటర్ మొదలవగానే వీఎంని కూడా నడిపించే 'స్టార్ట్ ఎట్ బూట్' ప్రాక్స్‌మాక్స్‌లో మొదట ఆఫ్‌లో ఉంటుంది, తప్పకుండా ఆన్ చేయండి. గ్రాఫిక్స్‌ను వీఎంకి అప్పగించే పనితో (పాస్‌త్రూతో) విసిగిపోతే, వీఎంకి బదులు హోస్ట్ కెర్నల్‌నే వాడుకునే ఎల్ఎక్స్‌సీ కంటెయినర్ వాడి చూడండి. అందులో గ్రాఫిక్స్‌ను హోస్ట్‌తో పంచుకోవచ్చు, పూర్తిగా అప్పగించాల్సిన పని ఉండదు.