నాలుగు పంచర్ల నుంచి నన్ను తప్పించిన షాపు

ఒకసారి బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద నా స్కూటర్ వెనక టైరుకి మేకు దిగింది. పక్కనే ఉన్న షాపులో ఆపితే అక్కడి కుర్రాడు సబ్బునీళ్లు పోసి ఒకటి కాదు, నాలుగు రంధ్రాలు చూపించాడు. నాలుగు స్ట్రిప్పులు (రంధ్రంలోకి దూర్చే రబ్బరు పట్టీలు), ఆరువందలు. తోసుకుంటూ ఎక్కడికి పోతాను? ఇచ్చేశాను. మొదటి మేకు రోడ్డుదే, మిగతా మూడు అతని చేతి చలవేనని నా నమ్మకం.

అప్పటి నుంచి మేకు దిగితే ఉన్నచోట ఆగను. ట్యూబ్‌లెస్ టైరుకి ఆగక్కర్లేదు, దాని గొప్పే అది. టైరు లోపలివైపు గాలి పోనివ్వని బ్యూటైల్ రబ్బరు పొర ఉంటుంది. మేకు దిగినా ఆ రబ్బరు దాన్ని కరచి పట్టుకుంటుంది, గాలి సన్నగా పోతుంది. ట్యూబు అలా కాదు, బూర లాగా సాగి ఉంటుంది కాబట్టి చిల్లు పడగానే నిమిషంలో నేలకి కూర్చుంటుంది. కాబట్టి మేకు పీకకుండా, బంకులో గాలి కొట్టించుకుని, నిదానంగా ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీదున్న మా చేట్టా (మలయాళంలో అన్న) షాపుకి వచ్చేస్తాను.

మాది మదనపల్లె దగ్గర పల్లె. పదకొండేళ్లుగా హొసకోటె దారిలో నర్సరీ నడుపుతున్నాను. ఈ షాపు మా నర్సరీకి రెండు కిలోమీటర్లు. బోర్డు లేదు, వేలాడదీసిన పాత టైరే బోర్డు. చేట్టా కేరళ మనిషి, నాతో తెలుగు, కన్నడం కలిపి మాట్లాడతాడు. టైరుని నీళ్ల తొట్టిలో నా కళ్ల ముందే తిప్పి, బుడగ ఎక్కడ వస్తుందో నా వేలితోనే చూపించమంటాడు. చిన్న మేకైతే స్ట్రిప్పు, 120 రూపాయలు. రంధ్రం పెద్దదైతే టైరు ఊడదీసి లోపలి నుంచి పుట్టగొడుగు లాంటి ప్లగ్ వేస్తాడు, దానికి 250. టైరు పక్కగోడ చీలితే మాత్రం ఎంత ఇస్తానన్నా ముట్టుకోడు. "వేస్తాను సార్, కానీ మీరు పడతారు" అని ఒకసారి పంపించేశాడు. కొత్త టైరు కొనుక్కున్నాను.

గుంతలో పడ్డాక ఏ మేకూ లేకుండానే రోజూ గాలి తగ్గుతుంటే మళ్లీ వెళ్లాను. ఇనుప రిమ్ము అంచు తుప్పు పట్టి, అక్కడి నుంచి జారిపోతోందట. వైర్ బ్రష్‌తో గీకి, ఎమరీ పేపర్ రుద్ది, మళ్లీ కూర్చోబెట్టాడు. ట్యూబ్‌లెస్‌లో ఈ తలనొప్పి ఒకటుంది, రిమ్ము కూడా సీసా మూత లాగా బిగుతుగా ఉండాలి. ఊచల చక్రాలకి ఎక్కువగా ట్యూబులే ఎందుకంటే, ప్రతి ఊచ మొదట్లో గాలి పోయే దారి ఉంటుంది.

ఇక అసలు కథ లాన్ కోసే ట్రాక్టర్‌ది. వైట్‌ఫీల్డ్ వైపు మూడు అపార్ట్‌మెంట్లకి గడ్డి కోసే పని మాది. కూర్చుని నడిపే చిన్న బండి, ముందు 15×6.00-6, వెనక 20×8.00-8 సైజు టైర్లు, అన్నీ ట్యూబ్‌లెస్సే. లాన్ మీద గాడి పడకూడదని వీటిలో గాలి చాలా తక్కువ పెడతారు, మా బండికి ముందు 14, వెనక 10 పీఎస్‌ఐ. (ఒకసారి మా కుర్రాడు స్కూటర్‌కి కొట్టినట్టు 29 కొట్టిస్తే బండి కుందేలు లాగా ఎగిరింది.) పైగా మా దారంతా ముళ్లు. కాగితపు పూల కొమ్మలు, అలంకారానికి పెట్టిన ఈత చెట్ల మట్టలు. ఈత ముల్లు దబ్బనంలాంటిది. వారానికి రెండు మూడు దిగేవి, 10 ఉన్న గాలి ఐదుకి వచ్చేది. ఒకరోజు క్లబ్‌హౌస్ పక్క వాలులో మలుపు తిప్పగానే టైరు రిమ్ము నుంచి ఊడి పక్కకి పడింది. తాడు చుట్టూ కట్టి, కర్రతో మెలివేసి, అంచులు రిమ్ముకి తాకేదాకా బిగించి గాలి కొట్టాం. చేతి పంపుతో అయ్యే పని కాదు, కంప్రెసర్ ఉంటేనే. కొందరు పెట్రోలు చల్లి అంటించి కూర్చోబెడతారు. దయచేసి వద్దు.

టైరు లోపల పోస్తే చిల్లులు మూసే ఆకుపచ్చ సీలెంట్ కూడా పోయించాను. నెలరోజులు ముళ్లను బాగానే ఆపింది కానీ ఊడిపోవడం ఆగలేదు. ఆ టైరు విప్పినప్పుడు జిగురంతా చేతికంటుకుని చేట్టా నన్ను తిట్టిన తిట్లు మలయాళంలో ఉండటం నా అదృష్టం. చివరికి అతనే అన్నాడు: "ట్యూబ్ వేసేయండి. వారం వారం మీరొస్తే నాకు లాభమే, మీ పని చెడిపోతుంది."

బండి సామాన్లు అమ్మే జేసీ రోడ్డులో ఆ సైజు ట్యూబులు తెచ్చాను. అతను లోపల చెయ్యి పెట్టి తడిమి పదకొండు ముళ్లు తీశాడు, లోపల అతికించి ఉన్న స్టిక్కర్ కూడా గీకేశాడు, అది ట్యూబుని రుద్దుతుందట. తెల్ల పౌడరు చల్లి బిగించాడు. నాలుగు చక్రాలకి కూలి 600. ఎనిమిది నెలలైంది, టైరు మళ్లీ ఊడలేదు. ముల్లు దిగితే మాత్రం వెంటనే కూర్చుంటుంది, రెండుసార్లు ప్యాచ్ పడింది. గాలి తక్కువున్నప్పుడు టైరు రిమ్ము మీద జారి వాల్వ్‌ని లాగేస్తుంది కాబట్టి, వాల్వ్ పక్కకి వాలినట్టు కనిపిస్తే బండి ఆపమన్నాడు.

షాపుకి ఐదుకి నాలుగు మార్కులు. ఒకటి తగ్గించింది మధ్యాహ్నాల గురించే: రెండు నుంచి మూడున్నర దాకా షట్టర్ సగం దించి పడుకుంటాడు, లేపితే గాలి కూడా కొట్టడు.