సౌండ్‌బెటర్‌లో నా బీట్‌కు గొంతు దొరికింది

నేను వరంగల్‌లో ఇంట్లోనే కూర్చుని హిప్‌హాప్ బీట్లు, అంటే ర్యాప్ వెనక నడిచే సంగీతం, చేస్తాను. బీట్ చెయ్యడం కన్నా దాని మీద పాడే మనిషిని పట్టుకోవడమే పెద్ద పని. ర్యాప్ రాసుకునే కుర్రాళ్లు మా చుట్టుపక్కలే నలుగురైదుగురు ఉన్నారు, కానీ హుక్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే ముక్క) పాడే ఆడగొంతు కావాలంటే దొరకదు. బాగా పాడేవాళ్లు సినిమా పాటల కవర్ల వైపో, పెళ్లిళ్లలో సంగీత్ ప్రోగ్రాముల వైపో వెళ్లిపోతారు, హిప్‌హాప్ అనగానే "అందులో పాడేదేముంది?" అని అడుగుతారు. చాలా ఉంది. అందుకే ఈసారి సౌండ్‌బెటర్‌లో వెతికాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: ఇది పాట పనులు చేసేవాళ్లు దొరికే వెబ్‌సైట్, 2012లో మొదలైంది, 2019లో స్పాటిఫై కొనుక్కుంది, 2021లో మళ్లీ స్థాపకుల చేతికే వచ్చింది. గాయకులు, మిక్సింగ్ చేసేవాళ్లు, వాయిద్యాలు వాయించేవాళ్లు తమ శాంపిల్స్ పెట్టుకుంటారు, మనం విని నేరుగా మెసేజ్ చెయ్యొచ్చు, లేదా మనకు కావాల్సింది రాసి పోస్ట్ చేస్తే వాళ్లే వచ్చి రేటు చెప్తారు. డబ్బు ముందే కట్టాలి గానీ, పని మనం ఓకే అన్నాకే పాడినవాళ్లకు చేరుతుంది. డాలర్లలో కట్టాలి కాబట్టి బ్యాంక్ యాప్‌లో కార్డుకు ఇంటర్నేషనల్ లావాదేవీలు ముందే ఆన్ చేసి పెట్టుకోండి. మన కార్డుల్లో మామూలుగా అవి ఆఫ్‌లోనే ఉంటాయి.

ఇంతకుముందు వేరే చోట ఒకసారి దెబ్బ తిన్నాను, ఆ సైట్ పేరు ఇక్కడ వద్దు. తెలుగు రాని గాయని, గొంతు మాత్రం అద్భుతం. లిరిక్ ఇంగ్లిష్ అక్షరాల్లో పంపాను, ఆ అక్షరాల్లో కల, కళ, కాల మూడూ ఒకటే కదా, పాటలో "కళ" అన్న చోటల్లా "కల" అయి కూర్చుంది. పైగా వచ్చింది ఒక్క ఎంపీ3 ఫైలు, అందులో రివర్బ్ (ప్రతిధ్వని), ఆటోట్యూన్ (శ్రుతి సరిచేసే ఎఫెక్ట్) అన్నీ కలిపేసి ఉన్నాయి. ఒకసారి కలిపేశాక వాటిని శుభ్రంగా తీయలేం. ఆ పాట ఇప్పటికీ హార్డ్ డిస్క్‌లోనే ఉంది. విన్నప్పుడల్లా బాధేస్తుంది.

ఈసారి పోస్ట్‌లో తెలుగు మాతృభాష అయి ఉండాలి అని మొదటి లైన్‌లోనే రాశాను. బీట్ 92 బీపీఎం (నిమిషానికి 92 దెబ్బలు), స్కేలు డి మైనర్, హుక్ 8 బార్లు (బార్‌కు నాలుగు దెబ్బలు), డబుల్స్ (అదే లైన్ మళ్లీ పాడినవి), ఆడ్‌లిబ్స్ (మధ్యలో వేసే చిన్న మాటలు) కావాలి, ఫైళ్లు ఏ ఎఫెక్టులూ లేని, నాణ్యత తగ్గని 24 బిట్ వేవ్‌లో, అన్నీ బీట్ మొదటి సెకను నుంచే మొదలవ్వాలి. ఈ చివరిది చాలామంది రాయరు, తర్వాత ఏ ముక్క ఎక్కడ పెట్టాలో తెలియక రాత్రంతా జరుపుకుంటూ కూర్చుంటారు. వచ్చినవాళ్లలో డల్లాస్‌లో ఉంటున్న ఒక తెలుగమ్మాయి ప్రొఫైల్ నచ్చింది. ఆమె శాంపిల్స్‌లో అన్నిటికన్నా బాగున్న పాట చూసి కాదు, ఒక చిన్న క్లిప్‌లో ఊపిరి శబ్దం, మాట చివర తెంపడం వినిపించి ఎంచుకున్నాను. ఎంత నున్నగా మిక్స్ చేసిన డెమో అయినా గొంతు గురించి చెప్పేది తక్కువే. మీరు కూడా కనీసం 4 బార్లు మీ బీట్ మీదే, ఎఫెక్టులు లేకుండా పాడించి వినండి, దానికి విడిగా డబ్బులిచ్చి అయినా సరే.

మొదటి మెసేజ్‌లోనే ఆమె "అన్నా, డి అంటే 2 శ్రుతి, హుక్ నాకు మరీ కింద పడుతోంది, 4 ఇస్తారా?" అని అడిగింది. 4 శ్రుతి అంటే ఎఫ్, అందుకే మూడు సెమీటోన్లు (కీబోర్డు మీద మూడు మెట్లు) పైకి లేపి ఎఫ్ మైనర్ చేశాను. బేస్ కొంచెం పలచబడింది, 808 (హిప్‌హాప్‌లో వాడే లోతైన బేస్ డ్రమ్ శబ్దం) మళ్లీ ట్యూన్ చెయ్యాల్సి వచ్చింది, కానీ గొంతు వెలిగింది. బీట్ పూర్తయ్యాక గొంతు వెతకడం కాకుండా గొంతు చూసుకుని శ్రుతి పెట్టుకోవాలని నాకు అప్పుడు అర్థమైంది.

ఇక అసలు సంగతి భాష. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. పద్యానికి, మెలొడీకి అది వరం. కానీ స్నేర్ (చురుగ్గా తగిలే డ్రమ్ దెబ్బ) గట్టిగా పడే చోట మాట ఆగకుండా సాగిపోతే బీట్ మెత్తబడుతుంది. నేను ఒక లైన్ చివర "నిలబడింది" అని రాశాను. ఆమె వాయిస్ నోట్ పంపింది: "దీన్ని నిలబడ్డది అంటే బాగుంటదన్నా, ఆ డ్డ దగ్గరే స్నేర్ పడుతుంది." పాడి వినిపించింది. ద్విత్వాక్షరం దగ్గర నాలుక క్షణం గాలికి అడ్డుపడి వదులుతుంది కదా, ఆ చిన్న నిశ్శబ్దంలో స్నేర్ వచ్చి కూర్చుంది. నా ఒళ్లు జలదరించింది. మన యాస మాటే అక్కడ సరిగ్గా సరిపోయింది. ఇంకో చోట నాలుగు బార్లు, అంటే పది సెకన్లకు పైగా, ఊపిరి తీసుకునే జాగా లేకుండా రాసేశాను, ఆమె ఒక మాట తీసేసింది, అర్థం ఏమీ పోలేదు.

మనకు తెల్లారేసరికి అక్కడ రాత్రి, అందుకని ఒక్కో ప్రశ్నకు ఒక రోజు పోయేది. మొత్తం తొమ్మిది రోజులు, రెండుసార్లు మార్పులు. 120 డాలర్లు, అంటే దాదాపు 10 వేలు. హైదరాబాద్ వెళ్లి స్టూడియో గంటలు కట్టి, పాడేవాళ్లకు విడిగా ఇస్తే నాకు ఇంతకన్నా తక్కువ అయ్యేది కాదు. పాట పేరు పక్కన ఆమె పేరు, స్ట్రీమింగ్ రాబడిలో నాలుగో వంతు అని రికార్డింగ్‌కు ముందే మెసేజ్‌లో రాసుకున్నాం. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణతో మన దేశంలో పాడినవాళ్లకూ రాయల్టీ హక్కు వచ్చింది, కాబట్టి "ఫ్రెండ్లీగా చూసుకుందాం" అనే మాట మీద మాత్రం పాట మొదలుపెట్టకండి.

చివరికి పదకొండు ఫైళ్లు వచ్చాయి, ప్రతి దానికీ పేరు: మెయిన్, డబుల్ ఎడమ, డబుల్ కుడి, గుసగుస, ఆడ్‌లిబ్ ఒకటి, రెండు, ఇలా. పాట చేసే సాఫ్ట్‌వేర్‌లోకి లాగితే అన్నీ వాటి చోట్లలో పడ్డాయి, ఒక్క మిల్లీసెకను కూడా జరపలేదు. తర్వాతి బీట్ ట్రాప్ (హిప్‌హాప్‌లోనే ఒక రకం), 140 బీపీఎం, ఇంకా డ్రమ్స్ కూడా వెయ్యలేదు. ఏ శ్రుతిలో పెట్టమంటావమ్మా అని నిన్న రాత్రే ఆమెకు మెసేజ్ పెట్టాను.