మూడో పేరు: ఎనిమిదేళ్ళ వినికిడి మీద ఒక సమీక్ష

మా జిరాక్స్ షాపుకి విజయనగరం సంగీత కళాశాల పిల్లలే పెద్ద బేరం. కీర్తనల పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు, హాల్‌టికెట్లు పట్టుకుని వస్తుంటారు. 1919లో పెట్టిన కళాశాల. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఫిడేలు నేర్పిన చోటు. అలాంటి ఊళ్ళో కూర్చుని నేను గిటార్ పిచ్చి తగిలించుకున్నాను. 2016 చివర్లో జియో సిమ్ వచ్చి డేటా చవకయ్యాక మొదలైంది ఇది. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టరు సగం దించి, గల్లాపెట్టె లెక్క చూసుకుంటూ ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాణ్ణి. పేరున్నవాళ్ళని వినడం ఒక ఏడాదిలో అయిపోయింది. ఆ తరవాత నుంచీ పేరు లేనివాళ్ళ వెంటే పడ్డాను. ఈలోపు నాలుగు ఫోన్లు మారాయి.

మిక్సీ ఎన్నేళ్ళు ఆగింది, ఫ్యాను ఎంత చప్పుడు చేస్తోంది అని జనం సమీక్షలు రాస్తుంటారు. నేను రాస్తున్నది నా అలవాటు మీద. ఎవరికీ పెద్దగా తెలియని గిటారిస్టుల్ని వెతుక్కుని వినడం అనే ఈ పని కూర్చున్న టైముకి గిట్టుబాటయిందా లేదా అన్నదే లెక్క.

ముందు చెడ్డమాట చెప్పేస్తాను. వీడియోల యాప్‌ని నమ్ముకుని వెతికితే ఏమీ దొరకదు. నా మొదటి ఏడాది అలాగే పోయింది. "ఎవరూ గుర్తించని గిటారిస్టు" అని కొడితే వచ్చిన మొదటి వీడియోకి కోటి పైన వ్యూస్ ఉన్నాయి. కోటిమంది చూశాక ఇంకా ఎవరు గుర్తించాలి? ఒకసారి వేగంగా వాయించేవాణ్ణి చూశామంటే చాలు, ఇక వరసగా వేగంగా వాయించేవాళ్ళనే తెచ్చి పెడుతుంది. మూకుట్లో పకోడీలు వేగుతున్నట్టు స్వరాలు. వింటున్నప్పుడు నోరు తెరుచుకునే ఉంటుంది గానీ తెల్లారి లేచి ఒక్క ముక్క కూనిరాగం తీద్దామంటే గుర్తుకి రాదు. నాకు అదే తూకం. మర్నాడు పొద్దున్న షాపు ఊడుస్తుంటే నోట్లోకి రావాలి.

పని చేసిన పద్ధతి నాకు అనుకోకుండా దొరికింది. 1967లో హెచ్‌ఎంవీ వాళ్ళు వేసిన 'కాల్ ఆఫ్ ద వ్యాలీ' అనే రికార్డు మీలో చాలామంది వినే ఉంటారు. సంతూర్ శివకుమార్ శర్మ, వేణువు హరిప్రసాద్ చౌరాసియా. ఆ ఇద్దరి గురించీ ఎవర్నడిగినా చెప్తారు. నేను కూడా ఆ రికార్డు చాలాసార్లు విన్నాను, గిటార్ పిచ్చి ఉండి కూడా మూడో వాయిద్యం ఏమిటో పట్టించుకోలేదు. ఏదో కొత్తరకం వీణ అనుకున్నాను. ఒకరోజు అట్ట బొమ్మని ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే మూడో పేరు కనపడింది: బ్రిజ్‌భూషణ్ కాబ్రా, గిటార్. రాజస్థాన్ మనిషి, అలీ అక్బర్ ఖాన్ శిష్యుడు. గిటార్‌ని ఒళ్ళో పడుకోబెట్టి, ఎడంచేత్తో ఉక్కు కడ్డీ తీగల మీద జార్చి, హిందుస్తానీ రాగాలు వాయించాడు. 2018లో పోయారు. ఆ దారిలోనే నడిచిన విశ్వమోహన్ భట్‌కి 1994లో గ్రామీ వచ్చి పేరు మోగింది. కాబ్రా పేరు మాత్రం అట్ట మీద మూడో చోటే ఉండిపోయింది. తబలా మాణిక్‌రావ్ పోపట్కర్. ఆయనది నాలుగో చోటు. ఆయన సంగతి తబలా వాళ్ళు రాయాలి.

అప్పట్నుంచీ నాది ఒకటే పని. ఏ రికార్డు నచ్చినా పైరెండు పేర్లు వదిలేసి కిందివి చదవడం, ఆ పేరు పట్టుకుని వాళ్ళు ఇంకెవరి పక్కన కూర్చున్నారో చూడడం. ఒక్కో పేరుకి వారం పది రోజులు పడుతుంది. యాప్‌లో ఈ సదుపాయం లేదు. చాలా పాటల కింద వాయించినవాళ్ళ పేర్లే ఉండవు.

కాబ్రా వాయించింది ఒకసారి షాపులో చిన్న స్పీకర్ మీద పెట్టాను. పార్వతీపురం నుంచి వచ్చి ఫిడేలు నేర్చుకుంటున్న అమ్మాయి వర్ణాల పుస్తకం జిరాక్స్ కోసం నిలబడి ఉంది. అంతకు ముందు వారమే నాతో వాదించింది, "మెట్లున్న వాయిద్యంలో జారుడు ఎక్కడొస్తాది బాబాయ్, గిటార్‌లో గమకం పలకదు" అని. ఆ మాటలో సగం నిజముంది. ఫ్రెట్ (మెట్టు) మీద వేలు పెడితే స్వరం ఆ గడి దగ్గరే తెగిపోతుంది. కడ్డీ జార్చేవాడికి ఆ గడులతో పనే లేదు, ఫిడేలు మీద వేలు జారినట్టే. అమ్మాయి కాసేపు విని, భుజాన ఉన్న సంచీ కౌంటర్ మీద పెట్టింది. "ఇది గిటారేటి బాబాయ్!" అంది. నలభై పేజీలు తీసేదాకా కదల్లేదు. డబ్బులివ్వడం మర్చిపోయి వెళ్ళిపోయి, సాయంత్రం వచ్చి ఇచ్చింది.

మరి కడ్డీ లేకుండా, మామూలుగా పట్టుకునే గిటార్ మీద కర్ణాటక సంగీతం? పాలకొల్లు నుంచి వెళ్ళిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ని అయిదు తీగలకి మార్చుకుని కచేరీ వేదికకి ఎక్కించాడని మనందరికీ తెలుసు. అదే 1980ల్లో ఎలక్ట్రిక్ గిటార్ మీద కర్ణాటక కీర్తనలు వాయించిన సుకుమార్ ప్రసాద్ పేరు మా సంగీత కళాశాల పిల్లల్లో నేను అడిగిన ఒక్కరికీ తెలీదు. తరవాతివాడు ప్రసన్న. మద్రాస్ ఐఐటీలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో బెర్క్‌లీ సంగీత కళాశాలకి వెళ్ళినవాడు. వీళ్ళు ఫ్రెట్ మీద తీగని పక్కకి లాగి గమకం రాబడతారు, వీణవాళ్ళు లాగినట్టే. నేను ప్రయత్నించాను. రెండో తీగ మీద గాంధారం కోసం లాగితే వేలికి బొబ్బ వచ్చింది గానీ గాంధారం రాలేదు.

నా ఎనిమిదేళ్ళలో ఎక్కువ కాలం తినేసినవాడు లెనీ బ్రో. 1941లో అమెరికాలో పుట్టి కెనడాలో పెరిగాడు. తల్లిదండ్రులు ఊరూరా తిరిగి జానపద ధోరణిలో పాడే కంట్రీ గాయకులు. గిటార్ లోకంలో పెద్దమనిషి చెట్ అట్కిన్స్ చెయ్యి అందిస్తే 1968, 69లలో ఆర్‌సీఏ కంపెనీకి రెండు రికార్డులు చేశాడు. అవి పెద్దగా అమ్ముడుపోలేదు. మత్తుమందులు పట్టుకున్నాయి. 1984లో లాస్ ఏంజెలెస్‌లో తనుండే అపార్ట్‌మెంట్ ఈతకొలనులో శవమై తేలాడు. గొంతు నులిమారని శవపరీక్షలో తేలింది. చేసిందెవరో ఇవాళ్టికీ తేలలేదు. అప్పటికి నలభై మూడేళ్ళు.

ఈయన వాయించేది మొదటిసారి విన్నప్పుడు గిటార్‌తోపాటు ఇంకేదో వాయిద్యం ఉందనుకున్నాను. జలతరంగం గిన్నె అంచుకి పుల్ల తగిలినట్టు గలగలా రాలుతున్నాయి స్వరాలు. వీడియో వేగాన్ని సగానికి తగ్గించి చూశాను. (ఈ ఒక్క సదుపాయానికి మాత్రం యాప్‌కి దండం పెట్టొచ్చు. వేగం తగ్గినా శ్రుతి మారదు.) ఎడంచెయ్యి మూడో ఫ్రెట్ మీద తీగని నొక్కి ఉంది. కుడిచెయ్యి చూపుడువేలు అక్కడికి సరిగ్గా పన్నెండు ఫ్రెట్లు పైన, అంటే పదిహేనో ఫ్రెట్ కమ్మీకి నిట్టనిలువునా, తీగకి తగిలీ తగలనట్టు ఆనుతుంది. అదే చేతి బొటనవేలు వెనక నుంచి మీటుతుంది. అప్పుడు అసలు స్వరం పోయి దాని పైస్థాయి స్వరం గాజుగ్లాసు మోగినట్టు వస్తుంది. ఇది వస్తుండగానే ఉంగరం వేలు ఇంకో తీగని మామూలుగా మీటుతుంది. ఒక గాజు స్వరం, ఒక తీగ స్వరం, ఒక గాజు, ఒక తీగ. ఎడంచెయ్యి కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) మార్చినప్పుడల్లా ఆ పన్నెండు ఫ్రెట్ల దూరాన్ని కుడిచెయ్యి వెంటనే కొలుచుకోవాలి. చూపుడువేలు ఒక గోరంత పక్కకి పడితే ఠప్‌మని చప్పుడు తప్ప ఏమీ రాదు. పదకొండు నెలలు కూర్చున్నాను దీని మీద. ఇప్పుడు పదిసార్లు మీటితే ఆరుసార్లు పలుకుతోంది. ఆ ఆరులో ఒకటి బాగుంటుంది.

ఇక్కడ ఇయర్‌ఫోన్ల సంగతి చెప్పాలి. ఫోన్ స్పీకర్ మీద లెనీ బ్రోని వింటే ఆ గాజు స్వరాలు సగం చచ్చిపోతాయి, కింది తీగలు అసలే వినపడవు. ఆరొందలు పెట్టి వైరున్న ఇయర్‌ఫోన్లు కొన్నాక అవే పాటలు మళ్ళీ మొదట్నుంచీ విన్నాను. వైరులేనివి ఒకసారి కొన్నాను, గిటార్ సాధన చేస్తుంటే శబ్దం లిప్తపాటు ఆలస్యంగా వస్తోంది. అవి మా ఆవిడకి ఇచ్చేశాను. సీరియల్స్‌కి బాగానే ఉన్నాయిట.

రాయ్ బుకానన్, డానీ గాటన్ గురించి గబగబా చెప్పేస్తాను. వీళ్ళ గురించి ఇప్పటికే చాలామంది రాశారు. బుకానన్ మీద 1971లో అమెరికా టీవీ గంట కార్యక్రమం వేసింది, లోకంలో ఎవరికీ తెలియని గొప్ప గిటారిస్టు అని. అప్పటికి ఆయన బతుకు కోసం మంగలి పని కూడా నేర్చుకుని ఉన్నాడు. 1989లో ఇంచుమించు అదే బిరుదు గాటన్‌కి పత్రిక అట్ట మీద ఎక్కింది. తెలియనివాడు అన్న పేరుతోనే తెలిసిపోయారు ఇద్దరూ. ఇద్దరి చావూ మంచిది కాదు. ఎమిలీ రెమ్లర్ జాజ్ గిటారిస్టు, 1990లో సిడ్నీలో పర్యటన మధ్యలో పోయేసరికి ముప్ఫై రెండేళ్ళు. టెడ్ గ్రీన్ జీవితాంతం పాఠాలు చెప్పి, 1977లో ఒకే ఒక్క రికార్డు చేశాడు. ఆ ఒక్కదాన్నీ నేను రాత్రి పడుకునే ముందు మాత్రమే వింటాను.

ఎలిజబెత్ కాటన్ దగ్గర మాత్రం ఆగాలి. 1893లో పుట్టింది, ద్వారం వారు పుట్టిన ఏడే. అమెరికాలో నార్త్ కరోలినాలో నల్లజాతి కుటుంబం. చిన్నప్పుడు గిటార్ నేర్చుకుని, తరవాత దశాబ్దాలపాటు పక్కన పెట్టేసి ఇళ్ళలో పని చేసుకుంది. ఒక దుకాణంలో తప్పిపోయిన పిల్లని తల్లికి అప్పగిస్తే, వాళ్ళ ఇంట్లోనే పని ఇచ్చారు. ఆ ఇల్లు సంగీతం తెలిసిన సీగర్ కుటుంబానిది. గోడకి వేలాడుతున్న గిటార్ తీసి వాయిస్తుంటే విన్నారు. 1958లో, అరవై దాటాక, తొలి రికార్డు వచ్చింది. తొంభై దాటాక గ్రామీ. ఆమెది పుర్రచేతి వాటం. తీగలు మార్చకుండా కుడిచేతివాళ్ళ గిటార్‌నే తిరగేసి పట్టుకుంది. అందుకని అందరూ బొటనవేలితో మీటే మంద్రతీగలు ఆమె వేళ్ళకి వచ్చాయి, పాట నడిపేది బొటనవేలు.

ఇది నాకు ఎందుకు అక్కరకొచ్చిందంటే మా చిన్నోడిది పుర్రచెయ్యే. నా గిటార్ తిరగేసి పట్టుకుంటుంటే రెండేళ్ళు తిట్టాను. విశాఖపట్నంలో ఒక షాపులో అడిగితే పుర్రచేతివాళ్ళ గిటార్ ఆర్డరు పెట్టాలి, ధర ఎక్కువ పడుతుంది అన్నారు. ఆ సాయంత్రమే ఆవిడ వీడియో కళ్ళబడింది. చిన్నోణ్ణి పిలిచి చూపించాను. వాడు నా మొహం చూసి, "ఇప్పుడేటంటావు నాన్నా?" అన్నాడు. నేనేమంటాను!

నష్టాలు కూడా రాయాలి కదా. పాత రికార్డుల్ని ఎవరెవరో ఎక్కిస్తారు, పేర్లు తప్పు పెడతారు. వాన్ షిప్లీ అని, హిందీ సినిమా పాటల్ని ఎలక్ట్రిక్ గిటార్ మీద వాయించి రికార్డులు వేసిన లక్నో మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయనదని నమ్మి ఒక పాటని నాలుగు నెలలు దొరికినవాడికల్లా వినిపించాను. చివరికి చూస్తే అది ఆయనది కాదు. ఇంకో నష్టం, మా ఇంట్లో టీవీ పాటలు ఎవరూ ప్రశాంతంగా వినలేకపోతున్నారు. "ఆగండి, ఆ వెనక బేస్ గిటార్ వినండి" అని అడ్డుపడతానని మా ఆవిడ ఫిర్యాదు. ఎనభైల్లో ఇళయరాజా పాటలు మనం క్యాసెట్లు అరిగేదాకా విన్నాం. అట్ట మీద పాడినవాళ్ళ పేర్లు, రాసినవాళ్ళ పేరు, స్వరకర్త పేరు. ఆ గిటార్లు సదానందం, ఆ బేస్ శశిధరన్ అని నాకు నలభై దాటాక తెలిసింది. మూడో పేరు కూడా కాదు, అట్ట మీద చోటే లేదు వాళ్ళకి.

మొన్న పైడితల్లమ్మ తొలేళ్ళ రాత్రి ఊళ్ళో ఆర్కెస్ట్రా పెట్టారు. మైకాయన గాయనీ గాయకుల్ని ఒక్కొక్కర్నీ బిరుదులతో పిలిచాడు. కీబోర్డాయన్ని పిలిచాడు. గిటార్ కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి దాతల చీటీ అందింది, చదువుకుంటూ పోయాడు. మూడో పాట మధ్య సంగీతంలో ఆ కుర్రాడి మొదటి తీగ తెగింది. నేను ముందు వరసలోనే ఉన్నాను, తీగ మెరిసి గాల్లోకి లేవడం కనపడింది. అతను తలెత్తలేదు. చెయ్యి అయిదు ఫ్రెట్లు పైకి జరిపి, అదే ముక్కని రెండో తీగ మీద పూర్తి చేశాడు. ఒక్క స్వరం జారలేదు. జనం ఎవరికీ ఏమీ తెలీలేదు, చప్పట్లు పాడినాయనకి పడ్డాయి.

కార్యక్రమం అయ్యాక వెళ్ళి కలిశాను. కేబుల్ చుట్టుకుంటున్నాడు, శ్రీకాకుళం బస్సు అందుకోవాలిట. తీగ సంగతి చెప్తే సిగ్గుపడ్డాడు. "మీరు చూసీసారేటన్నా?" అన్నాడు. పేరడిగితే చెప్పాడు. నాలాంటివాడు ఎక్కడైనా రాస్తాడని అనుమానం వచ్చిందో ఏమో, "పేరు ఎక్కడా పెట్టకండన్నా, పగలు కొలువు చేసే చోట తెలిస్తే సెలవు దొరకదు" అన్నాడు. అందుకని ఇక్కడ పెట్టడం లేదు.

తరవాత నెలలో షాపుకి వచ్చాడు, చేత్తో రాసుకున్న కార్డ్స్ కాగితాలు పన్నెండు జిరాక్స్ తీయించుకోడానికి. అతనికో సెట్టు ఇచ్చి, అడిగి నేనో సెట్టు ఉంచుకున్నాను.