68 వేల కిలోమీటర్లు, ఐదు వెనుక టైర్లు: స్పోర్ట్ నుంచి టూరింగ్‌కు ఎందుకు మారాను

మొన్న ఆదివారం పొద్దున్నే నా మోటార్‌సైకిల్‌ను ప్యాడాక్ స్టాండు మీదికి ఎత్తి, వెనుక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ గాడుల లోతు కొలిచాను. నడుమ 2.6 మిల్లీమీటర్లు, అంచుల వైపు 4.9. ఈ టూరింగ్ టైరు, అంటే దూర ప్రయాణాల కోసం చేసే రకం, వేయించాక 16 వేల కిలోమీటర్లు తిరిగాను. ఇదే బండికి, ఇవే రోడ్ల మీద, ఒకప్పుడు ఎంతో ముచ్చటపడి వేయించుకున్న, మలుపుల్లో చురుకు కోసం చేసే స్పోర్ట్ టైరు 8,700 కిలోమీటర్లకే నున్నబడిపోయింది. ఆ రెండు అంకెల మధ్య ఏం జరిగిందో, ఏ రోడ్డు మీద ఏది నన్ను కాపాడిందో, ఏది నా జేబు ఖాళీ చేసిందో వివరంగా రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

నాది 2019లో కొన్న బజాజ్ డొమినార్ 400. మందుల కంపెనీలో ప్రతినిధిగా పని. ఉండేది శ్రీకాకుళంలో. వారానికి ఒకసారి నరసన్నపేట, టెక్కలి మీదుగా పలాస వెళ్లి రావాలి. రెండు వారాలకు ఒకసారి విజయనగరం. ఊళ్లో తిరగడానికి స్కూటరు ఉంది కాబట్టి ఈ బండి పని దాదాపు అంతా 16వ నంబరు జాతీయ రహదారి మీదే. వీలు చిక్కినప్పుడు రాజాం, బొబ్బిలి, రామభద్రపురం మీదుగా సాలూరు చేరి, ఘాటు ఎక్కి ఒడిశాలోని పొట్టంగి దాకా వెళ్లడం నాకు ప్రాణం. ఇప్పటికి 68 వేల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా నడిచింది. బండితో వచ్చిన వెనుక టైరు 14 వేలు నడిచింది. ఆ తరువాత రెండు స్పోర్ట్ టైర్లు, రెండు టూరింగ్ టైర్లు.

టైరు కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు. ఒక్క మనిషి, ఒక్క బండి, రెండేసి టైర్ల అనుభవంతో ఒక కంపెనీని నెత్తికెత్తుకోవడం గానీ తీసిపారేయడం గానీ న్యాయం కాదు. రకం గురించి మాత్రం గట్టిగా చెప్పగలను.

ముందు స్పోర్ట్ టైరుకు దక్కాల్సిన మెప్పు దానికి ఇచ్చి తీరాలి. 2020 జూన్‌లో మొదటి జత వేయించాను. కొత్త టైరు పైపొర జారుతుంది కాబట్టి మొదటి నూట యాభై కిలోమీటర్లు జాగ్రత్తగా నడిపాను. ఆ నవంబరులో, మంచు ఇంకా విడవని ఉదయం, సాలూరు ఘాటు ఎక్కాను. పాత టైరుతో ప్రతి మలుపులోనూ హ్యాండిల్‌ను నెట్టి బండిని ఒప్పించాల్సి వచ్చేది. ఈ టైరుతో చూపు ఎటు తిప్పితే బండి అటే వాలింది. మలుపు మధ్యలో గుంత కనిపిస్తే దారి మార్చుకోవడానికి కూడా చోటు దొరికింది. పొట్టంగిలో టీ తాగుతూ టైరు అంచు మీద చెయ్యి పెడితే వెచ్చగా, కాస్త జిగురుగా తగిలింది. ఆ రోజు కలిగిన ఆనందం ఇప్పటికీ మరిచిపోలేదు.

అయితే నా బండి తిరిగే ప్రతి వంద కిలోమీటర్లలో అలాంటి మలుపుల దారి పది కిలోమీటర్లకు మించదు. మిగిలిన తొంభై కిలోమీటర్లూ బండి నిటారుగానే నడుస్తుంది. అంటే టైరు నడుమ ఉన్న నాలుగు వేళ్ల పట్టీ ఒక్కటే నేలను తాకుతుంది. ఇంజను లాగే బలమంతా పడేదీ దాని మీదే, 180 కిలోలు దాటిన బండి బరువూ, నా బరువూ, మందుల సంచి బరువూ ఎక్కువగా పడేదీ దాని మీదే. కొత్త స్పోర్ట్ టైరును వెనుక నుంచి చూస్తే బోర్లించిన మూకుడులా గుండ్రంగా ఉంటుంది. ఏడు వేలు దాటేసరికి అది అట్లపెనంలా చదునైపోయింది. అరచేతితో అడ్డంగా నిమిరితే, చదును ముగిసి వంపు మొదలయ్యే చోట గట్టులాంటిది వేలికి తగిలేది. లారీని దాటడానికి బండిని పక్కకు వాల్చినప్పుడల్లా ఆ గట్టు దగ్గర బండి ఒక క్షణం తటపటాయించి, తరువాత ఒక్కసారిగా అటు పడేది. ఏ గుణం కోసం స్పోర్ట్ టైరు కొన్నానో, అరిగాక సరిగ్గా ఆ గుణమే పోయింది.

టెక్కలి దగ్గర నాకు ఎప్పుడూ పంక్చరు వేసే పెద్దాయన ఆ టైరును చూసి ఒక మాట అన్నాడు: “బాబూ, నడుమ ముసలిదైపోయింది గానీ, అంచులు ఇంకా పెళ్లికొడుకులా ఉన్నాయి.” నిజమే. అంచున బొటనవేలి వెడల్పున అసలు అరగని పట్టీ అలాగే మిగిలి ఉంది. పదకొండు వేల రూపాయలు పోసి కొన్న టైరులో ఖరీదైన భాగాన్ని నేను వాడనే లేదు.

తేడా ఎక్కడ ఉందో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. స్పోర్ట్ టైరు రబ్బరు మెత్తన. త్వరగా వేడెక్కి రోడ్డును పట్టుకుంటుంది, అంతే త్వరగా అరుగుతుంది. గాడులు తక్కువ. ఆకారం కాస్త కోసుగా ఉంటుంది, అందుకే మలుపులో చురుగ్గా వాలుతుంది. టూరింగ్ టైరులో నడుమ రబ్బరు గట్టిగా ఉంటుంది. రెండు రకాల రబ్బరు వాడిన వాటిలో అంచుల వైపు మెత్తని రబ్బరు వేస్తారు. గాడులు ఎక్కువ, లోతు కూడా ఎక్కువ. రబ్బరులో కలిపే సిలికా వల్ల తడిలోనూ చల్లదనంలోనూ అది బిగుసుకుపోదు. నేను కొలిచిన లెక్కలో కొత్త స్పోర్ట్ టైరు నడుమ లోతు 5.5 మిల్లీమీటర్లు ఉంటే, టూరింగ్‌కు 7 ఉంది.

రెండో స్పోర్ట్ టైరు విషయంలో తప్పు నాదే అనాలో, అమ్మినవారిది అనాలో ఇప్పటికీ తేలలేదు. 2021 ఏప్రిల్‌లో ఒక దుకాణంలో ధర కాస్త తగ్గిస్తామంటే సంబరపడి కొన్నాను. టైరు పక్కగోడ మీద చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. నా టైరు మీద ఉన్నది 1218. అంటే 2018లో పన్నెండో వారంలో తయారైంది. మూడేళ్లు గోదాములో ఉండి గట్టిబడిన రబ్బరు అది. ఆ సంగతి టైరు బిగించిన రెండు నెలలకు, మొదటి వానలో వెనుక చక్రం వంతెన అతుకు మీది ఇనుప పట్టీ పైన జానెడు పక్కకు జరిగినప్పుడు తెలిసింది. పడలేదు, కానీ ఆ తరువాత పది కిలోమీటర్లు చేతులు వణుకుతూనే ఉన్నాయి. గట్టిబడింది కాబట్టి అది 9,600 కిలోమీటర్లు వచ్చింది. ఆ అదనపు తొమ్మిది వందల కిలోమీటర్లు నాకు అక్కరలేదు. దయచేసి బిల్లు కట్టే ముందు ఆ నాలుగు అంకెలు మీరే వంగి చదవండి. ఎవరైనా చదివి చెబుతామన్నా ఒప్పుకోకండి.

2022 నడిమిలో మొదటిసారి టూరింగ్ జత వేయించాను. నిజం చెప్పాలంటే మొదటి వారం నచ్చలేదు. హ్యాండిల్ బరువెక్కినట్టు అనిపించింది. మలుపులోకి వంచడానికి కాస్త ముందుగా, కాస్త గట్టిగా నెట్టాల్సి వచ్చింది. సిమెంటు రోడ్డు మీద ఒక రకమైన హోరు వినిపించేది. అనవసరంగా మార్చానేమో అని బాధపడ్డాను కూడా.

ఆ బాధ సెప్టెంబరులో పోయింది. పలాస నుంచి తిరిగి వస్తుంటే నరసన్నపేట దాటాక వాన పట్టుకుంది. మడపాం దగ్గర వంశధార వంతెన సమీపిస్తుండగా, ఎడమ పక్క పొదల్లోంచి రెండు గేదెలు రోడ్డు మీదికి వచ్చేశాయి. వేగం అరవై దాకా ఉంది. రోడ్డంతా పలచటి నీటి పొర. రెండు బ్రేకులూ కలిపి నొక్కాను. కాలి కింద ఏబీఎస్ టకటకా కొట్టడం తెలుస్తూనే ఉంది. అది కూడా రెండు మూడు సార్లే, ఆ పైన టైరు రోడ్డును పట్టేసింది. బండి గీత గీసినట్టు నిటారుగా ఆగింది. గేదె తోకకూ నా ముందు చక్రానికీ మధ్య ఒక మంచమంత దూరం మిగిలింది. ఏబీఎస్ చక్రాన్ని బిగుసుకోనివ్వదు, అంతవరకే దాని పని. నీటిని చీల్చి నేలను అందుకోవాల్సింది టైరు గాడులే. జూన్ నుంచి వానలు, అవి ఆగేసరికి అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు. హుద్‌హుద్‌నూ తిత్లీనీ చూసిన జిల్లాలు మనవి. ఇక్కడ రోజూ బండి మీద పనికి వెళ్లే మనిషికి తడి రోడ్డు మీద పట్టు కంటే పెద్ద గుణం మరొకటి లేదని నా గట్టి నమ్మకం.

ఆ టైరు 19,500 కిలోమీటర్లు వచ్చింది. అదే రకం మళ్లీ 2024 ఏప్రిల్‌లో వేయించాను. ఖర్చు లెక్క చూడండి. స్పోర్ట్ వెనుక టైరు 11,200 రూపాయలు, 8,700 కిలోమీటర్లు: కిలోమీటరుకు రూపాయి 29 పైసలు. టూరింగ్ 8,200 రూపాయలు, 19,500 కిలోమీటర్లు: 42 పైసలు.

సాలూరు ఘాటు మీద టూరింగ్ తీసికట్టా అంటే, నేను నడిపే వేగానికి కాదు. ఇప్పుడు నా టైరు అంచున అరగని పట్టీ వెడల్పు చిటికెన వేలంత. అంటే స్పోర్ట్ టైరు మీద కంటే ఎక్కువే వాలుస్తున్నాను. నమ్మకం కుదిరింది కాబట్టి. మలుపు నుంచి మలుపుకు ఠక్కున మార్చే చురుకు మాత్రం లేదు, ఆ లోటు ఉన్నమాటే. మా బంధువుల అబ్బాయి ఒకడు ఎస్.కోటలో ఉంటాడు. వారమంతా బస్సులో తిరిగి, ఆదివారం మాత్రమే బండి తీసి అనంతగిరి ఘాటు మీదుగా అరకు వెళ్లి వస్తాడు. అతడు అడిగితే స్పోర్ట్ టైర్లే వేయించుకోమన్నాను. అతని టైర్లు అంచుల దాకా సమంగా అరుగుతున్నాయి. అతడికి అదే సరైనది. మీ పాత టైరును ఒకసారి వెనుక నుంచి చూడండి. నడుమ చదునై అంచులు మిగిలితే మీరు నడిపేది టూరింగ్ రోడ్లే, బండి బొమ్మ ఎంత పోటీ బండిలా ఉన్నా సరే.

రకం కంటే గాలి విషయంలో ఎక్కువ మంది నష్టపోతున్నారు. గాలి తక్కువైతే పక్కగోడలు అదేపనిగా వంగి వేడెక్కుతాయి. ఎక్కువైతే నడుమ ఒక్కటే నేలకు ఆని త్వరగా అరుగుతుంది. బంకుల్లో మీటర్లను నమ్మి నేను రెండేళ్లు తప్పు గాలితో తిరిగాను. ఒకచోట 32 అని చూపించినది నా సొంత గేజీతో కొలిస్తే 36 ఉంది. ఇప్పుడు సంచిలో గేజీ పెట్టుకుంటాను. బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ పుస్తకంలో చెప్పినంత చూసుకుంటాను. మే నెలలో పలాస చేరేసరికి 32 కాస్తా 35, 36 అవుతుంది. అది చూసి భయపడి గాలి తీసేయకండి, తీసేస్తే మరునాడు ఉదయం టైరు చల్లబడ్డాక ఉండాల్సిన దానికంటే తక్కువైపోతుంది.

ఏ టైరూ ఆదుకోలేనివి కూడా మన దారుల్లో ఉన్నాయి. పంట కోతల కాలంలో చీపురుపల్లి వైపు వెళ్తే, బండ్ల చక్రాలు తొక్కితే గింజ రాలుతుందని ఉలవ కట్టెలు రోడ్డు మీద పరిచి ఉంచుతారు. ఎండిన ఆ పొర మీద స్పోర్టూ ఒకటే, టూరింగూ ఒకటే. బ్రేకు ముట్టుకోకుండా, హ్యాండిల్ కదపకుండా నెమ్మదిగా దాటడమే మార్గం. టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు లారీల నుంచి రాలే రాతి పలుకులు మరో బాధ. కత్తిలా కోస్తాయి. ఐదు టైర్లలో నాకు పడిన పంక్చర్లు పదకొండు. స్పోర్ట్ టైర్లకు అరిగిన చివరి రెండు వేలలోనే ఎక్కువగా పడ్డాయి, పలచబడిన రబ్బరు ముల్లును ఆపలేదు కాబట్టి. ద్విచక్ర వాహనానికి చట్టం చెప్పే కనీస లోతు 0.8 మిల్లీమీటర్లు. గాడి అడుగున కనిపించే చిన్న దిమ్మ దానికి గుర్తు. నేను అంతదాకా ఆగను. 1.5 రాగానే మార్చేస్తాను.

కొనేటప్పుడు సైజు కూడా అక్షరం వదలకుండా చూసుకోండి. నా వెనుక టైరు 150/60 ఆర్17 66హెచ్. వెడల్పు 150 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 90. ఆర్ అంటే రేడియల్, 17 రిమ్ము అంగుళాలు. 66 అంటే 300 కిలోలు మోయగలదు, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. అందంగా ఉంటుందని వెడల్పు పెంచి వేయించుకుంటే రిమ్ము మీద టైరు నొక్కుకుపోయి ఆకారం మారిపోతుంది.

ముందు టైరు వెనుకదానికి దాదాపు రెండింతలు వస్తుంది. నాది కుడి వైపు కాస్త ఎక్కువ అరిగింది. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి కుడి మలుపు పొడవుగా, ఎదుటి దారి తేటగా కనిపిస్తూ ఉంటుంది, తెలియకుండానే అటు వేగంగా వాలుస్తాం. ఇప్పుడు దాని గాడుల అంచులు రంపపు పళ్లలా కూడా తేలాయి. ఈసారి వెనుక టైరుతో పాటే దాన్నీ మార్చి, ముందు ఫోర్కుల నూనె కూడా వేయించాలి. ప్రస్తుత లెక్క ప్రకారం వెనుక టైరు 1.5కు రావడానికి ఇంకా నాలుగు వేల కిలోమీటర్లు ఉంది. టూరింగ్ జతే చెప్పి పెట్టాను. టైర్లు రాగానే ఆ నాలుగు అంకెలు చూశాకే బిగించమన్నాను.