మినియాపోలిస్ హాకీ షోకేస్ ప్రయాణం: హోటల్ పేరుతో దోపిడీ, రిడ్డర్ అరీనాలో పండగ

పిల్లల్ని ఐస్ హాకీ షోకేస్‌కి (కాలేజీ కోచ్‌ల కంట్లో పడాలని ఆడే టోర్నమెంటుకి) తీసుకెళ్ళే ముందు హోటల్ నిబంధన తప్పకుండా చదవండి. "స్టే టు ప్లే" అని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నిర్వాహకులు చెప్పిన ఏజెన్సీ దగ్గరే గది తీసుకోవాలి, లేదంటే జట్టునే ఆడనివ్వరు. అక్టోబరులో మినియాపోలిస్ శివార్లలో జరిగిన ఒక షోకేస్‌లో మాకు బాగా చేతిచమురు వదిలింది. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మా పాపతో ఆడే పిల్లల్లో ఇంకో రెండు తెలుగు కుటుంబాల వాళ్ళున్నారు, ఇది ముందుగా వాళ్ళ కోసం రాస్తున్నాను.

విమానం, అద్దె కారు సాఫీగా జరిగాయి. హాకీ బ్యాగు, స్టిక్కులు కలిపి ఒకే లగేజీగా 35 డాలర్లు తీసుకున్నారు.

గది రాత్రికి 219 డాలర్లు, పన్ను అదనం. అదే హోటల్ సొంత సైట్‌లో అవే రాత్రులకు 134 అని మా ఆవిడ కౌంటర్ దగ్గరే ఫోన్ తీసి చూపించింది. మూడు రాత్రులకు 255 డాలర్ల తేడా! "మా చేతిలో ఏమీ లేదండీ, ఏజెన్సీని అడగండి" అన్నాడు అక్కడి కుర్రాడు. ఏజెన్సీ వాళ్ళు ఫోనెత్తితే ఒట్టు. పోనీ గదైనా బాగుందా అంటే, హీటర్‌కి చప్పుడే తప్ప వెచ్చదనం లేదు. అత్తయ్యగారు శాలువా మీద పాప టీమ్ జాకెట్ వేసుకుని "ఇంత డబ్బు పోసి ఈ చలేంటి బాబూ" అంటుంటే నా దగ్గర జవాబు లేదు. పాప మొదటి ఆట పొద్దున 6:50కి, బ్రేక్‌ఫాస్ట్ మొదలయ్యేది ఏడింటికి. దిగినవాళ్ళంతా హాకీ పిల్లలేనని తెలిసీ ఓ గంట ముందు తెరవలేదు. అరటిపండు తిని ఐస్ మీదికి దిగింది పిల్ల. తడిసిన ప్యాడ్లు, గ్లవ్స్ ఆరేయడానికి చోటు లేక బాత్రూంలో వేలాడదీస్తే గదంతా చెమట కంపు.

దానికంటే ఒళ్ళు మండించింది "కోచ్‌లతో ముఖాముఖి" అని అమ్మిన 95 డాలర్ల టికెట్టు. మా పాప తొమ్మిదో తరగతి. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏలో పై స్థాయి అయిన డివిజన్ 1 అమ్మాయిల హాకీలో, పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 దాకా కాలేజీ కోచ్‌లు రిక్రూటింగ్ మాట ఎత్తకూడదు. అబ్బాయిలకైతే పదో తరగతి మధ్యలో జనవరి 1. అందరికీ ఆ తర్వాత వచ్చే ఆగస్టు 1 నుంచే క్యాంపస్ విజిట్లు. ఈ సంగతి నిర్వాహకులకు తెలియదా? లోపలికెళ్తే కూర్చున్నది కోచ్ కాదు, 2,400 డాలర్ల ప్యాకేజీ అమ్ముకునే సలహాదారు. పాప రాసుకొచ్చిన ప్రశ్నల కాగితం మడిచి జేబులో పెట్టేసుకుంది. హోటల్ చేరేదాకా మాట్లాడలేదు.

అసలు కోచ్‌లు కాలేజీ జాకెట్లతో రింకు మూలన నిలబడి జెర్సీ నంబర్లకు టిక్కులు పెట్టుకుంటున్నారు. ఎదురుపడితే తల దించుకుని వెళ్ళిపోతారు. అది పొగరు కాదు, రూలు. పైగా పదకొండో తరగతి పిల్లల ఆటల దగ్గరే గుంపు, మా ఆటకు ఇద్దరో ముగ్గురో.

లెక్క కూడా చూడండి. డివిజన్ 1లో అమ్మాయిల జట్లు నలభై పైచిలుకు. 2025-26 నుంచి, ఆటగాళ్ళకు కాలేజీలే నేరుగా డబ్బివ్వొచ్చన్న కొత్త కోర్టు సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీల్లో జట్టుకు 26 మందే. నాలుగేళ్ళ చదువు కాబట్టి ఒక్కో జట్టులో ఏడాదికి సుమారు ఆరేడు ఖాళీలు. వాటికి కెనడా, యూరప్ పిల్లలూ, వేరే కాలేజీల నుంచి మారేవాళ్ళూ పోటీ. ఐవీ లీగ్‌లో, డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్పే లేదు. టెక్సస్‌లో ఎన్‌సీఏఏ హాకీ జట్టే లేదు కాబట్టి ప్రయాణం తప్పదు, ఒప్పుకుంటాను. కానీ తొమ్మిదో తరగతికి షోకేస్ దండగ.

ఆ డబ్బుతో రిడ్డర్ అరీనాకి వెళ్ళండి. మిన్నెసోటా యూనివర్సిటీది, 2002లో తెరిచారు. కాలేజీ అమ్మాయిల హాకీ కోసమే అమెరికాలో కట్టిన మొదటి అరీనా ఇది. 3,400 సీట్లు, ఎక్కడ కూర్చున్నా స్కేట్ల చప్పుడు చెవిలో పడుతుంది. మాకు తలా 12 డాలర్లయింది. 2012-13లో ఆడిన 41 ఆటలూ గెలిచిన జట్టు ఇక్కడిదే. డాలస్ నుంచి వచ్చామనగానే వెనక సీటు పెద్దాయన "1993లో మా హాకీ జట్టు నార్త్ స్టార్స్‌ని పట్టుకెళ్ళింది మీ ఊరే" అని చనువుగా దెబ్బలాడి, తర్వాత ఆటంతా పాపకు విడమరిచి చెప్పాడు. పక్ (హాకీ బిళ్ళ) అందుకునే ముందు ఒక డిఫెన్స్ అమ్మాయి రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూడటం పాప పట్టేసింది. "నేను ఒక్కసారే చూస్తాను నాన్నా, అందుకే పోగొట్టుకుంటున్నా" అంది. షోకేస్ మొత్తంలో ఎవరూ చెప్పని పాఠం అది.

ఆదివారం సెయింట్ పాల్‌లో, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన మోంగ్ వాళ్ళ బజారు మోంగ్ విలేజ్‌లో తిన్నాం. పచ్చి బొప్పాయి తురుము, పచ్చిమిర్చి, నిమ్మరసం మన రోటి పచ్చడిలా కళ్ళముందే దంచి ఇచ్చారు. ఫిష్ సాస్ వద్దని ముందే చెప్పాలి. నలుగురికీ 46 డాలర్లు. అత్తయ్యగారు ఆ ప్రయాణంలో మొదటిసారి మారు వడ్డించుకున్నారు.

తేడా 255, టికెట్టు 95 వాపసు ఇమ్మని నిర్వాహకులకు మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు లేదు. స్టే టు ప్లే ఉన్న టోర్నమెంట్లకు వచ్చే సీజన్‌లో పేరివ్వొద్దని తల్లిదండ్రులం సంతకాలు చేసి మా టీమ్ మేనేజర్‌కి ఇచ్చాం.