వివరాలు చెప్పని సెక్యూరిటీ అప్‌డేట్: వెంటనే వేయడమా, ఆగడమా?

విశాఖపట్నంలోని మధురవాడ, రుషికొండ ప్రాంతాల్లో చిన్న కంపెనీల సర్వర్లు చూసుకునే మిత్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది: లోపమేమిటో చెప్పకుండా "సెక్యూరిటీ అప్‌డేట్, వెంటనే వేసుకోండి" అని మాత్రమే ప్రకటన వచ్చినప్పుడు వేసేయాలా, వివరాలు బయటికొచ్చేదాకా ఆగాలా?

ఆగమనేవారి వాదనలో పస లేకపోలేదు. 2022 అక్టోబరులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఇంటర్నెట్ సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే లైబ్రరీ) బృందం "క్రిటికల్" లోపం ఉందని వారం ముందే హెచ్చరించింది. తీరా నవంబరు 1న దిద్దిన వెర్షన్ 3.0.7 విడుదల చేసినప్పుడు తీవ్రతను ఒక మెట్టు దించి "హై" అంది. పైగా అప్‌డేట్ వల్ల పనివేళల్లో బిల్లింగ్ ఆగితే చీవాట్లు తినేది మనమే.

అయినా నా దృష్టిలో తేల్చే అంశం ఒక్కటే. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ కనిపించే) ప్యాకేజీకి ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే దిద్దుబాటు, విడుదలైందంటే రహస్యం సగం బయటపడ్డట్టే. పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ పక్కపక్కన పెట్టి చూసేవాడికి ఏ ఫంక్షన్‌లో ఏ తనిఖీ చేర్చారో కనిపిస్తుంది కనుక, చివరికి వివరాలు తెలియకుండా మిగిలేది ఆగి కూర్చున్న మనమే. 2014 అక్టోబరు 15న ప్యాచ్ వచ్చిన డ్రూపల్ 7 (వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) లోపం విషయంలో, ఏడు గంటల్లోపు సరిచేయని సైట్లన్నీ దాడికి గురైనట్టే భావించాలని ఆ బృందమే తర్వాత ప్రకటించింది. (అక్కడ లోపం ఏ రకమో ప్యాచ్‌తోపాటే చెప్పారనుకోండి, దాడుల వేగం మాత్రం అంత.)

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్) 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది కదా, కొత్తది వేస్తేనే ముప్పు కాదా అని కొందరంటారు. అవి కొత్త వెర్షన్లు. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లో, సర్వర్లకు వాడే స్థిరమైన విడుదల "స్టేబుల్"కు చేరనేలేదు. స్టేబుల్ సెక్యూరిటీ విభాగం నుంచి వచ్చేది సాధారణంగా పాత వెర్షన్‌కే చేర్చిన చిన్న దిద్దుబాటు. రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

ఫైర్‌వాల్‌తో నెట్టుకొద్దామంటే, దేన్ని అడ్డుకోవాలో తెలియకుండా రూల్ ఏమని రాస్తాం? వాడని ప్యాకేజీ అయితే తీసేయడమే సుఖం.

అందుకే ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉన్న సర్వర్‌కు స్నాప్‌షాట్ (అవసరమైతే వెనక్కి వెళ్లేందుకు ఉన్నదున్నట్టు నకలు) తీసి, టెస్ట్ సర్వర్ మీద కాసేపు చూసి, అదే రోజు అప్‌డేట్ వేయడం నా పద్ధతి. లోపలి నెట్‌వర్క్‌కే పరిమితమైనవాటిని రాత్రికి వాయిదా వేయవచ్చు. లైబ్రరీ ఫైల్ మారినా నడుస్తున్న ప్రాసెస్ మెమరీలో పాతదే ఉంటుంది కాబట్టి, పాత లైబ్రరీనే వాడుతున్నవాటిని పట్టిచ్చే "నీడ్‌రీస్టార్ట్" టూల్ చూపించిన సర్వీసులన్నిటినీ రీస్టార్ట్ చేసేదాకా అప్‌డేట్ పూర్తయినట్టు లెక్కవేయను.